తిన్నని దారి, నోరున్న బండ

ఒకప్పుడు, మరీ కచ్చితంగా చెప్పాలంటే కార్తీక బహుళ పంచమి గురువారం నాడు, తెల్లవారేసరికి కొండంతా మంచు కమ్ముకుని ఉంది. ముందు నడిచేవాడి వీపు వెనకవాడికి కనిపించనంత మంచు. జాము పొద్దెక్కాక అది విచ్చిపోయి నీరెండ కాసింది. గాలి ఉత్తరం నుంచి, సన్నగా. వాన లేదు. ఏ సంవత్సరం అని మాత్రం అడగకూడదు. అప్పటికింకా సంవత్సరాలకు పేర్లు పెట్టలేదు. వారాలకూ నెలలకూ పెట్టి అలిసిపోయి, సంవత్సరాల దగ్గర ఆగారు.

ఆ రోజుల్లో కొండ ఇప్పటిలా ఉండేది కాదు.

ముసలి కొండయ్యకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు చూపుబండ. కొండ అంచున, లోయ మీదికి వంగి కూర్చునేవాడు. రెండోది జలపాతం, ఆడపిల్ల. మూడోవాడు దారి. కొండయ్య నిద్రకు పడుకోబోతూ తనకున్న ఆస్తిని ముగ్గురికీ పంచాడు. కొండలు ఒకసారి పడుకుంటే వెయ్యేళ్ళు లేవవు గనక ఇలాంటి పనులు ముందే చక్కబెట్టుకోవాలి.

పెద్దవాడని బండకు కళ్ళూ ఇచ్చాడు, నోరూ ఇచ్చాడు. కూతురికి నీళ్ళిచ్చాడు. చివరివాడి దగ్గరికి వచ్చేసరికి ఇంకేమీ మిగల్లేదు. వెతికి వెతికి, "ఇదిగోరా, తిన్నదనం. నువ్వు తిన్నగా ఉండు" అన్నాడు.

దారి దాంతోనే మురిసిపోయాడు. కొండ కింది ఊరినుంచి జలపాతం దాకా, అక్కణ్ణుంచి చూపుబండ దాకా, గోడకు నిచ్చెన వేసినట్టు నిటారుగా పడుకున్నాడు. ఎక్కేవాళ్ళు నాలుగు అడుగులు వేసి రెండు అడుగులు జారేవాళ్ళు. అయినా తిన్నని దారే.

బండకు నోరుండటం వల్ల వచ్చిన తంటా ఇంకొకటి. కనిపించినదల్లా అరిచి చెప్పేవాడు. "అదుగో డేగ! అదుగో పంది, దాని వెనక పిల్లలు ఆరు! ఏటి అవతల ఎవరో పొయ్యి వెలిగించారు! కుందేలు! మళ్ళీ కుందేలు!" పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఆ నోటికి మూత లేదు. ఆయాసపడుతూ అంత ఎత్తు ఎక్కినవాళ్ళు చెవులు మూసుకుని దిగిపోయేవాళ్ళు.

జలపాతం మాత్రం నోరు లేక దూది రాలినట్టు పడేది. తాటిచెట్ల మీద తాటిచెట్లు పేర్చినంత ఎత్తునుంచి పడినా చప్పుడు లేదు. చెట్ల మధ్య నడుస్తూ నడుస్తూ, నెత్తిమీద నీళ్ళు పడ్డాకనే జలపాతం వచ్చిందని తెలిసేది.

కొండ కింది ఊళ్ళో నూకాలు అనే కోడలు ఉండేది. అడ్డాకులు కోసి విస్తళ్ళు కుట్టడంలో ఆమె చేతికి సాటి లేదు. ఆమె అత్త పేరు సింగారి. నలభై ఏళ్ళు అదే కొండ ఎక్కి అదే ఆకు కోసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. నూకాలు మొగుడు ఉప్పు తేవడానికి సముద్రం వైపు వెళ్ళాడు, అందుకని ఈ కథలోకి రాడు. మరిది అప్పలకొండ వస్తాడు.

కార్తీకంలో ఒకరోజు ఊరంతా కలిసి పైకి వెళ్ళి, జలపాతం దగ్గర వండుకు తిని, చూపుబండ దాకా ఎక్కి, చీకటి పడకముందే దిగి రావడం వాళ్ళ అలవాటు. ఆ గురువారం అందరూ బయల్దేరుతుంటే సింగారి కూడా కర్ర పుచ్చుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అత్తా, నువ్వేటి?" అంది నూకాలు, నెత్తిమీద గంజికుండ సర్దుకుంటూ.

"ఏటంటే? నానూ వస్తన్నాను."

"నీ మోకాళ్ళకి కొండేటి? ఇంటికాడుండు."

"నా మోకాళ్ళు నిన్నేటైనా అడిగాయేటే?"

"ఆగుతూ ఆగుతూ పోతే అక్కడ తినడానికి పొద్దుండదు. సగం దారిలో కూలబడితే నిన్నెవరు మోసుకెళ్తారు?"

అనేసిన తరవాత నూకాలుకే చివుక్కుమంది. కానీ మాట నోరు దాటేసింది.

సింగారి కర్రతో నేలను రెండుసార్లు పొడిచింది. "సరే. మీకంటే ముందెళ్ళి అక్కడ కాళ్ళు చాపుకు కూకుంటాను. మీరే నింపాదిగా రండి" అని మంచులోకి నడిచింది. నాలుగడుగుల్లో మంచు ఆమెను మింగేసింది.

ఇక్కడ మండల సంగతి చెప్పుకోవాలి. మండ అంటే ఆకులున్న చిన్న కొమ్మ. మనుషుల దారి తిన్నగా ఒకటే ఉన్నా, దానికి అటూ ఇటూ జింకల దారులు, పందుల దారులు, ఎలుగుబంటి నడిచిన దారులు చీలుతుంటాయి. కొత్తవాళ్ళకు అన్నీ ఒకలాగే ఉంటాయి. ముసలి కళ్ళకు కూడా. అందుకని గుంపులో అందరికంటే ముందు నడిచేవాడు అలాంటి చీలిక దగ్గరల్లా ఒక మండ విరిచి అడ్డంగా పడేస్తాడు. ఇటు కాదు అని దాని అర్థం. గుంపులో ఆఖరున నడిచే మనిషి ఆ మండలను తీసేస్తూ వస్తాడు. నిన్నటి మండ రేపటివాళ్ళను తికమక పెట్టకూడదు గదా. వాడిపోయిన మండ అబద్ధం చెప్పే మనిషితో సమానమని వాళ్ళ లెక్క.

ఆవేళ ముందు నడిచింది నూకాలు. ఆఖరున నడిచింది అప్పలకొండ.

సింగారి నిజంగానే అందరికంటే ముందు నడిచింది. కొంతదూరం దాకానే. తరవాత మంచులోంచి ఉసిరికాయల వాసన వచ్చింది. ఉసిరికాయకు వాసనుండదని కొందరంటారు. నలభై ఏళ్ళు కొండెక్కిన ముక్కుకు ఉంటుంది. దారి పక్కకు దిగి, చెట్టుకింద కూర్చుని, రాలిన కాయలు కొంగులో పోసుకోసాగింది. ఊరంతా మంచులో ఆమె పక్కనుంచే పైకి వెళ్ళిపోయింది. వాళ్ళకు ఆమె కనపడలేదు. ఉసిరికాయ కొరుకుతూ ఉంటే చెవులదాకా పులుపెక్కుతుంది గనక ఆమెకూ వాళ్ళు వినపడలేదు. అప్పలకొండ మండ తరవాత మండ తీసుకుంటూ, ఈలవేసుకుంటూ దాటిపోయాడు.

జలపాతం దగ్గర నెత్తిమీద నీళ్ళు పడ్డాక అందరూ ఆగారు. పొయ్యిలు పెట్టారు. నూకాలు గంజికుండ దించి చుట్టూ చూసింది.

"మా అత్తేదీ?"

పొయ్యిలు ఊదుతున్నవాళ్ళు తలెత్తారు.

"ముందే వచ్చీసిందనుకున్నాం" అన్నారు.

నూకాలు మరిదివైపు తిరిగింది. అతని చంకలో మండల మోపు ఉంది.

"ఒరే అప్పలకొండా, అన్నీ తీసీసేవా?"

"తీసీసేను వదినా. ఆఖరోడు తియ్యాలి కదా" అని సగంలో ఆగిపోయాడు. చంకలో మోపు నేలమీద పడింది. "ఓలమ్మో! ఆఖర్న నాను కాదా?"

మంచు విచ్చిన కొండమీద ఎండ తెల్లగా మెరుస్తోంది. ఆ అడవిలో ఒక్క చీలికకూ మండ లేదు. సింగారి చూపేమో రెండు బారల అవతలికి ఆనదు. చీకటి పడితే ఎలుగుబంట్లు ఉసిరిచెట్ల కిందికే వస్తాయి.

అందరూ అరిచారు. చెట్లు ఆ అరుపుల్ని తాగేశాయి. కొందరు కిందికి పరుగెత్తారు. నూకాలు మాత్రం పైకి పరుగెత్తింది. అన్నీ కనిపించేవాడు పైన ఒకడున్నాడు గదా.

"బండన్నా, మా అత్త కనిపిస్తుందేటి? చెప్పు!"

"గద్ద! ముంగిస! తొర్రలో ఉడుత, ఏదో తింటోంది! ఏట్లో రెండు పడవలు! ఒక ముసిల్ది, కర్రతో! తేనెపట్టు! కొంగ!"

"ముసిల్దా! ఎక్కడ?"

"అక్కడే! అదుగో! నక్క! ఇంకో నక్క!"

"ఎటు? కుడికా, ఎడమకా?"

బండకు కుడీ ఎడమా తెలియవు. ఎప్పుడూ కదలనివాడికి వాటితో పనేముంది? కళ్ళతో చూపించగలడు, అంతే. నూకాలు అతని చూపు వెంట చూసింది. లోయకు అవతల, ఎర్రమట్టి పుట్టల మధ్య, చీమంత మనిషి. చుట్టు తిరిగి అక్కడికి వెళ్ళేసరికి పొద్దుగూకుతుంది. అప్పటికి ఆ చీమ ఎక్కడుంటుందో.

"అయితే పిలు. ఇటు రమ్మను."

"ఓ ముసిల్దానా!" అని బండ గొంతెత్తాడు. ఆ కేక లోయలో పడి, అటు తగిలి, ఇటు తగిలి, ఎనిమిది దిక్కులనుంచీ తిరిగొచ్చింది. కింద ఆ చీమ ఆగింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. చివరికి వచ్చినవైపు వదిలేసి లోయ అంచువైపు నడవసాగింది.

"వద్దు! ఆపు, ఆపు!" అని నూకాలు రెండు చేతులతో బండ నోరు మూసింది. "పైనుంచి పిలిస్తే అన్నివైపులా పిలిచినట్టుంది. కింద ఒక్కచోట ఉండి, ఆగకుండా పిలిచేవాళ్ళు కావాలి. నీ చెల్లెలు పిలవాలి."

"దానికి నోరేదీ?"

"నీది ఇయ్యి."

బండకు కోపం వచ్చింది. "అయ్య ఇచ్చిన ఆస్తి! పెద్దవాణ్ణని ఇచ్చాడు. నేను చెప్పకపోతే లోకంలో ఏం జరుగుతోందో ఎవరికి తెలుస్తుంది?"

"బండన్నా, ఒక్క మాటడుగుతాను. ఇన్నేళ్ళలో నీ దగ్గర ఒక్క పూట కూచున్నవాళ్ళున్నారా?"

బండ నోరు తెరిచాడు. ఆలోచించాడు. పుట్టిన తరవాత మొదటిసారి, చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఆ నిశ్శబ్దంలో నూకాలు చూసింది. చూడాలని కాదు, కళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. కొండ వెనక కొండ, దాని వెనక నీలంగా ఇంకో కొండ, వాటి మధ్య వెండితీగలాంటి ఏరు.

"ఏం చూస్తున్నావు?" అన్నాడు బండ మెల్లగా. "నేనేమీ చెప్పలేదు గదా."

"చెప్పలేదు కాబట్టే కనిపిస్తోంది."

బండ చాలాసేపు ఊరుకున్నాడు. కొండల లెక్కలో చాలాసేపంటే వెయ్యేళ్ళు. ఆవేళ మాత్రం తొందర తెలిసినవాడై ఆకు రాలేంతసేపే ఊరుకున్నాడు. తరవాత, "అయితే వాళ్ళు వచ్చి కూర్చుంటారా?" అని అడిగాడు.

"కూకుంటారు. లెమ్మన్నా లేవరు."

బండ నోరు విప్పి, తన గొంతును కిందికి వదిలేశాడు. అది గుండ్రాయిలా దొర్లింది. గంతులు వేసింది. పోయి పోయి జలపాతం మడుగులో దబ్బున పడింది.

హోరుమంది జలపాతం! తన చప్పుడుకు తనే ఉలిక్కిపడి, ఇంకా గట్టిగా హోరుమంది. పొయ్యిల దగ్గరున్నవాళ్ళు గరిటెలు పారేశారు. చెట్లమీది కోతులు అవతలి కొండకు వలస పోదామా అని మాట్లాడుకున్నాయి.

నూకాలు బండమీదినుంచి వంగి చూసింది. లోయ అంచున ఆ చీమ ఆగింది. ఇటు తిరిగింది. ఈసారి తికమక పడలేదు. చప్పుడు వస్తున్నవైపే అడుగేసింది.

వేసి, ముళ్ళపొదలో ఇరుక్కుంది.

నూకాలు జారుతూ పడుతూ కిందికి పరుగెత్తి, దారి మీద మోకాళ్ళూనింది.

"దారీ, తండ్రీ, లేచి మా అత్త కాళ్ళకిందికి పో. ఆవిడకి చప్పుడు దొరికింది గానీ నడవడానికి జాగా లేదు."

దారి కంగారుపడ్డాడు. "లేస్తే వంగాలి. వంగితే మళ్ళీ తిన్నగా కాలేనమ్మా. అయ్య నాకిచ్చింది అదొక్కటే."

నూకాలు దగ్గర బండకు చెప్పినట్టు చెప్పడానికి మాటలేదు, ఇవ్వడానికి వస్తువులేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పొద్దున నాను ఒక మాటన్నాను" అంది. "నిన్నెవరు మోసుకెళ్తారని. ఆ మాటే ఆవిడ విన్న ఆఖరి మాటయిపోతే నానెలాగ బతుకుతాను?"

దారి వింటున్నాడు. అతనికి ఆ ముసలమ్మ పాదాలు తెలుసు. మడమలు పగిలిన పాదాలు, నలభై ఏళ్ళుగా తెలుసు. అందరూ అతన్ని తొక్కుకుంటూ, జారితే తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆమె ఒక్కతే మొదటి అడుగు వేసేముందు వంగి నేలను తాకి, "నాయనా, కాస్త ఓర్చుకో, ఎక్కుతున్నాను" అనేది.

అతనితో ఎప్పుడైనా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

దారి లేచాడు. లేచేటప్పుడు ఎండినకర్ర విరిగినట్టు ఒళ్ళంతా ఫెళఫెళమంది. లోయ చుట్టూ పాములా జరజరా పాకి, ముళ్ళపొదలను రెండువైపులా నెట్టి, ముసలమ్మ పాదాల కింద చేరాడు.

"వచ్చీసేవా నాయనా?" అంది సింగారి, ఏదో తెలిసిన మనిషి వచ్చినట్టు.

ఆ తరవాత ఆమె ఎటు నడిస్తే అటు ముందుకు పరుచుకుంటూ పోయాడు. ఆమె తిన్నగా నడిచే మనిషి కాదు. నిటారుగా ఎక్కితే మోకాళ్ళు కలుక్కుమంటాయని ఏటవాలుగా అటు కొంత, ఇటు కొంత ఎక్కింది. పుట్ట కనిపిస్తే చీమలకు ఇబ్బందని చుట్టు తిరిగింది. ఇంకో ఉసిరిచెట్టు కనిపిస్తే, అంత ప్రమాదంలోనూ, దాని కిందికి వెళ్ళి వచ్చింది. పది వంపులకు ఒకసారి చదునైన రాయి చూసుకుని చతికిలబడింది. దారి ఓపిగ్గా ఆ రాయి పక్కనే ఆగాడు.

పొద్దు చెట్ల చివళ్ళకు దిగేవేళకు సింగారి జలపాతం దగ్గరికి వచ్చింది. ముందు ఎవరితోనూ మాట్లాడలేదు. వంగి దోసెడు నీళ్ళు తాగింది. ఉసిరికాయ తిన్న నోటికి నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఎందుకుంటాయో అది వేరే కథ.

"ఎంత తియ్యగున్నాయే తల్లీ నీ నీళ్ళు!" అంది.

జలపాతం ఆ పొగడ్తకు ఉబ్బిపోయి ఇంకాస్త హోరుమంది.

"ఏటీ? వినపడదు!" అంటూ అప్పలకొండ వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు, తల వంచుకుని.

"నా ముందు మండలేవిరా?" అని సింగారి అరిచింది.

"తీసీసేనే అమ్మా. ఆఖర్న నానేననుకున్నాను."

"వెనక్కి తిరిగి ఒక్క కేకేస్తే నీ సొమ్మేటి పోనాది? నీ వెనకాల నాను లేనా?" అని కర్రతో అతని పిక్కమీద ఒకటేసింది. గట్టిగా కాదు, అలాగని మెల్లగానూ కాదు.

నూకాలు దూరంగా నిలబడిపోయింది. సింగారి ఆమెను చూసి దగ్గరికి వెళ్ళి కొంగు విప్పింది. పచ్చగా ఉసిరికాయలు.

"తిను. పొద్దున్నుంచీ ఏటీ తినుండవు." తరవాత ఆమె చెవిలో గట్టిగా, "ఎవరు మోసుకెళ్తారన్నావు కదే? ఇదుగో, ఈ దారే మోసుకొచ్చింది. ఎక్కినట్టే లేదు" అంది.

నూకాలు నవ్విందో ఏడ్చిందో జలపాతం చప్పుడులో ఎవరికీ తెలియలేదు.

ఇంత హోరుకు ముసలి కొండయ్యకు నిద్ర చెడింది. కొండ ఆవలిస్తే రాళ్ళు రాలాయి. "ఎవరది? నేను పంచిన ఆస్తిని మార్చింది ఎవరు?"

పిల్లలు జరిగింది చెప్పారు. నోరు లేని బండ కళ్ళతోనే చెప్పాడు.

కొండయ్య ఆలోచించాడు. "సరే. బండకు చూపు ఉంచుతున్నాను. మాట జలపాతానిది, ఆమె ఎక్కడుందో ముందే అందరికీ తెలుస్తుంది. ఇంక తగవులు లేవు" అని పక్కకు ఒత్తిగిల్లబోయాడు.

"అయ్యా, మరి నాకు?" అన్నాడు దారి. "నా తిన్నదనం పోయింది."

కొండయ్య తన గుహలన్నీ తడుముకున్నాడు. గబ్బిలాలు తప్ప ఏమీ లేవు.

"నీకేమీ లేదురా చిన్నోడా" అని, చెప్పలేక చెప్పి, నిద్రలోకి జారుకున్నాడు.

దారి అలా వంకర్లు పోయి పడి ఉన్నాడు. అప్పుడు సింగారి, దిగడానికి మొదటి అడుగు వేయబోతూ, వంగి నేలను తాకింది. "నాయనా, నా కాళ్ళున్నాయి. తరవాత దీని కాళ్ళుంటాయి" అని నూకాలును చూపించింది. ఊళ్ళోవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు, చీకటి పడకముందే, ఆ వంపుల మీదుగా దిగారు. ఈసారి ఎవరూ జారలేదు. ముందువాళ్ళు దిగుతూ వేసిన ప్రతి మండ తీసేముందూ అప్పలకొండ వెనక్కి తిరిగి కేకేశాడు. వెనక ఎవరూ లేరని తెలిసినా కేకేశాడు.

అప్పటినుంచే కొండమీది బండలు ఏమీ మాట్లాడవు, వాటిమీద కూర్చున్నవాళ్ళు కూడా కాసేపు మాట మరిచిపోతారు. అప్పటినుంచే జలపాతం కంటికి కనపడకముందే చెవికి వినపడుతుంది. అప్పటినుంచే అడవిదారులు అన్ని వంపులు తిరుగుతాయి, పుట్టల్ని తప్పుకుంటాయి, ఉసిరిచెట్టు కిందనుంచి పోతాయి, అలిసినచోట కూర్చోవడానికి ఒక చదును రాయి పక్కనుంచి వెళతాయి.

అన్న వాటాకు చూపు వచ్చింది, చెల్లెలి వాటాకు నీళ్ళూ మాటా వచ్చాయి. దారికి ఏమీ రాలేదు. ఈరోజుకీ దానిదంటూ ఏమీ లేదు, మనం వేసే అడుగులు తప్ప. ఒక్క వానాకాలం ఎవరూ నడవకపోతే గడ్డిలో కలిసిపోతుంది.